పొంగని పిండి

చచ్చిన కోడిపిల్లలను ఆడవాళ్లు తట్టలకెత్తి షెడ్డు ముందు కుప్ప పోస్తుంటే, దాణా మిల్లు యజమాని ఇంద్రసేనయ్య కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆ కుర్చీ తెచ్చిందీ ఆ ఆడవాళ్లే, అతనికి మంచినీళ్లు ఇచ్చిందీ వాళ్లే. నాలుగు రోజుల్లో మూడు వందల అరవై పిల్లలు నెత్తురు విరేచనాలు పట్టి, తూలి తూలి పడి చచ్చాయి.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు పక్కన, పన్నెండు మంది ఆడవాళ్ల సంఘానికి సర్కారు వేసిచ్చిన షెడ్డు అది. ఎనభై నాలుగు ఎండాకాలం. జిన్నింగు మిల్లుల్లో పత్తి దుమ్ము మింగి దగ్గులు తెచ్చుకున్నవాళ్లూ, పెద్దిళ్లలో అంట్లు తోమేవాళ్లూ కలిసి, ఇది మాది అని చెప్పుకోవడానికి జీవితంలో మొదటిసారి ఒకటి పెట్టుకున్నారు. దాణా మాత్రం ఇంద్రసేనయ్య మిల్లు నుంచే తీసుకోవాలని పైనుంచి కాగితం వచ్చింది. ఎట్లా వచ్చిందో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

దాణాతో పాటు ఒక పొడి కూడా ఇచ్చారు. ఈస్టు పొడి. మిల్లు గుమాస్తా మొయినుద్దీన్ దాని గొప్పలు చెప్పిపోయాడు.

"ఇది బతికుండే పొడి అమ్మా. కల్లు నురగొచ్చేది, రొట్టె పొంగేది ఇట్లాంటిదాంతోనే. కోడిపిల్ల కడుపులో మంచి క్రిములుంటాయి, వాటికి ఇది మేత. అవి బలిస్తే సెడ్డ క్రిములకు ఆడ జాగానే ఉండదు. రోగమనేదే రాదు."

ఆ మాట సంఘంలో అందరికంటే బాగా అర్థమైంది సుగ్రాబీకి. ఆమె ఇరవై ఏళ్లుగా నాన్‌రొట్టెలు కాల్చి జిన్నింగు మిల్లు గేటు దగ్గర అమ్ముతోంది. రోజూ పులిసిన పిండిలోంచి ఒక ముద్ద తీసి మర్నాటికి దాచిపెడుతుంది. దాన్ని ఖమీర్ అంటారు. వాళ్ల వీధిలో ఒక కట్టుబాటు ఉంది: ఎవరొచ్చి ఖమీర్ అడిగినా లేదనకూడదు. సాయిబుల ఇల్లయినా, బోయల ఇల్లయినా, ముద్ద తుంచి చేతిలో పెట్టాల్సిందే.

పంచనామాకు వచ్చిన ఆఫీసరు మల్లికార్జునయ్య కాగితం మోకాలి మీద పెట్టుకుని అడిగాడు.

"పొడి ఎట్లా కలిపినారు?"

"దాణా పెద్ద డేగిసాలో ఉడకేసి, కుతకుతలాడేదాంట్లోనే పోసినాం సార్," అంది హనుమంతమ్మ. ఆ వారం వంట వంతు ఆమెది.

"దాణా ఉడికిచ్చమని నీకెవరు సెప్పినారే?" ఇంద్రసేనయ్య గుడ్లురిమాడు.

"నువ్వు పంపిన శెనగచెక్క బూజు కంపు కొడతాండె శెట్టీ. ఉడికిస్తే కంపు పోతాదని ఉడికిచ్చినాం."

బూజు అన్న మాట ఆఫీసరు కలానికి వినపడలేదు. ఆ సమయంలోనే సుగ్రాబీ నోరు జారింది. తెలిసిన పని గురించి విన్నప్పుడు ఎవరికైనా నోరు ఆగదు కదా.

"అయ్యో, ఎంత పని సేసినారే! ఖమీర్‌ను యాడన్నా ఉడికిస్తారా? వేడి తగిలితే సస్తాదే అది!"

ఇంద్రసేనయ్య అప్పుడు లేచాడు కుర్చీలోంచి. "రాయండి సార్. వాళ్ల మనిషే చెప్పె."

రాశారు. పొడి మంచిదే, ఉడకబెట్టి చంపింది సంఘం, కాబట్టి పంజరాలు స్వాధీనం చేసుకుని తెలిసినవాళ్లకు ఇవ్వాలి. తెలిసినవాళ్లంటే ఇంద్రసేనయ్య బావమరిది. కింద సుగ్రాబీ వేలిముద్ర వేయించారు. తాను నిజమే చెప్పాననుకుంది ఆమె. చెప్పింది నిజమే. పేదవాళ్ల నోట్లోంచి వచ్చిన నిజాన్ని కూడా ఉచ్చులా పేని పేదవాళ్ల మెడకే వేయగలరు వీళ్లు.

"పన్నెండు మంది నోట్లో మన్ను కొట్టినావు గదక్కా," అంది హనుమంతమ్మ. ఖాళీ తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. మిగతావాళ్లు ఆమె వెనకే పోయారు.

సుగ్రాబీకి ఇంటికి పోబుద్ధి కాలేదు. షెడ్డు మూలలో మిల్లు కుట్టు విప్పని పొడి సంచి ఒకటి మిగిలింది. విప్పి వాసన చూసింది. పులుపు లేదు. తవుడు వాసన, సున్నం వాసన. వెంటనే సంచి ఇంటికి మోసుకెళ్లింది. రెండు పళ్లేల్లో మైదా కలిపింది. ఒకదాంట్లో తన ఖమీర్, రెండోదాంట్లో ఆ పొడి, గోరువెచ్చని నీళ్లు, చిటికెడు బెల్లం. సందెవేళకు మొదటిది పళ్లెం అంచు దాటింది. రెండోది పెట్టింది పెట్టినట్టే ఉంది.

రెండు పళ్లేలూ మోసుకుని హనుమంతమ్మ గుమ్మం ముందు నిలబడింది.

"సచ్చేదానికి అది బతికుంటే గదా హనుమంతూ! మనం సంపలేదే. సచ్చినదాన్నే మనకమ్మినారు."

హనుమంతమ్మ రెండో పళ్లెంలో వేలు గుచ్చింది. గుంట అట్లాగే ఉండిపోయింది. వేలు కొంగుకు తుడుచుకుని అంది: "నీ ఏలిముద్ర నువ్వే సెరపాలక్కా. ఊరందరి ముందర."

మర్నాడు పొద్దున పంజరాలకు మిల్లు లారీ వచ్చింది, వేరే సంఘాలకు పోయే పొడి సంచులతో. ఆఫీసరు, ఇంద్రసేనయ్య, మొయినుద్దీన్ వచ్చారు. జిన్నింగు మిల్లు కూలీలు పనికి పోతూ ఆగారు, కాలేజీ పిల్లలు సైకిళ్లు దిగారు. సుగ్రాబీ లారీ ముందు చక్రానికి ఎదురుగా చాప పరిచి కూర్చుంది.

"నిన్న నేను వేసిన ఏలిముద్ర తప్పు. పొడిలో పానం ఉందని నమ్మి వేసినా. మొయినుద్దీన్ బాయీ, మీ లారీలోనే ఉంది గదా పొడి! మీ సంచి, మీ కుట్టు, మీ సేత్తోనే కొయ్యి."

మొయినుద్దీన్ యజమాని ముఖం చూశాడు. వందమంది కళ్లు అతని ముఖం చూశాయి. సంచి దింపి కుట్టు కోశాడు. అందరి ఎదుట ఒక పళ్లెంలో ఖమీర్, ఇంకోదాంట్లో ఆ పొడి వేసి పిండి కలిపి ఎండలో పెట్టింది సుగ్రాబీ.

"రొట్టెలు పొంగేది సూస్తా కూర్చోడానికా సర్కారు నాకు జీతమిచ్చేది?" ఆఫీసరు అరిచాడు. "పంజరాలు ఎక్కించండప్పా!"

హమాలీ మాదన్న తలగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు. "ఆ పిండి సంగతి తేలేదాకా మేం పంజరం ముట్టం సార్. మా ఆడోళ్లు గూడా కోళ్లు సాకుతాండారు." మిగతా హమాలీలు లారీ దిగి నేల మీద కూర్చున్నారు.

గంట గడిచింది. ఎవరూ కదల్లేదు. ఒక పళ్లెంలో పిండి ఉబ్బి, బుడగలు వేసి, అంచు మీద నుంచి చాప మీదికి జారింది. రెండోదాని మీద ఈగ వాలింది.

"కొత్త పొడి, టైం పడతాది," అన్నాడు ఇంద్రసేనయ్య.

"ఉంటాం లే శెట్టీ. మాకు టైముంది, సాకేదానికి పిల్లలే లేవు," అంది హనుమంతమ్మ. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వులో కోపం ఉంది.

ఇంకో గంటకు వచ్చింది పోలీసు జీపు. సర్కారు పనికి అడ్డం పడిందని సుగ్రాబీ జబ్బ పట్టుకుని లేపారు. పొంగని పిండిని బూటు కాలితో తన్నారు. లారీకి అడ్డం పడుకున్న ఆడవాళ్లను ఈడ్చి పక్కన పడేశారు. పంజరాలు మాత్రం పోలీసులే ఎక్కించుకోవాల్సి వచ్చింది. హమాలీ ఒక్కడూ చేయి వేయలేదు.

జీపెక్కే ముందు సుగ్రాబీ ఖమీర్ గిన్నె హనుమంతమ్మ చేతిలో పెట్టింది.

"నందవరంలో, ఎమ్మిగనూరులో సంఘాలకు గూడా ఈ పొడే ఇస్తాండారు. అడిగినోళ్లకు లేదనొద్దు. అడగనోళ్లకు గూడా ఇయ్యి."

జైల్లో నాలుగు రోజులు ఆమెకు ఏ కబురూ లేదు. అందరూ ఎవరి ఇళ్లకు వాళ్లు పోయి ఉంటారని కుమిలిపోయింది. ఐదో రోజు మధ్యాహ్నం తలుపు తీసి, పది పన్నెండు మంది ఆడవాళ్లను లోపలికి తోశారు. ముందు హనుమంతమ్మ. నొసటి మీద లాఠీ దెబ్బ, నెత్తురు ఎండిపోయి ఉంది. వెనకున్నవాళ్లలో సగంమందిని సుగ్రాబీ ఎన్నడూ చూడలేదు.

"ఎవరే వీళ్లంతా?"

"ఈయమ్మ నందవరం. వాళ్లు ముగ్గురు ఎమ్మిగనూరు. ఊరూరా ఆ పొడేసి పిండి కలిపినారక్కా, యాడా పొంగలే. ఆ పళ్లేలన్నీ తెచ్చి శెట్టి మిల్లు గేటుకు అడ్డం పెట్టినాం. బండి లోపలికి పోల్యా, బయటికి రాల్యా. మొయినుద్దీనే వచ్చి, పొడిలో తవుడు, సున్నం కలిపేది నా కండ్లారా సూసినా అని అందరి ముందర సెప్పినాడు. రేపు మాదన్నోళ్లు దాణా మూటలు ఎత్తరంట."

సుగ్రాబీ ఆమె నొసటి దెబ్బను చేత్తో తడిమి భోరుమని ఏడ్చింది. హనుమంతమ్మ కొంగు ముడి విప్పింది. లోపల నిమ్మకాయంత ఖమీర్ ముద్ద, ఇంకా మెత్తగా ఉంది.

"దీనికి ఈ పూట పిండి కలపకుంటే సస్తాదక్కా. ఈడ పిండి ఎవరిస్తారు?"

"అడుగుదాం," అంది సుగ్రాబీ, కళ్లు తుడుచుకుని. "అందరం ఒకేసారి అడుగుదాం."

ఆమె లేచి, అన్నం చిప్ప తీసుకుని తలుపు కమ్మీల మీద కొట్టింది. వెనక మిగతా చిప్పలు కూడా లేచాయి.