చెవుల గిన్నె

షిఫా ఫోన్లో "అబ్బా" అనగానే రూమ్మేట్ హర్షిణి అందుకునేది: "ఏంటే, ఎక్కడ నొప్పి?" షిఫా వాళ్లింట్లో నాన్నని పిలిచే పిలుపు అది. రోజూ నవ్వే షిఫాకి ఆ రోజు నవ్వు రాలేదు.

తాడేపల్లిగూడెంలో ఎం.టెక్. చేస్తోంది షిఫా. వాళ్ల నాన్న హిదాయతుల్లా ఏలూరులో అల్యూమినియం గిన్నెల ప్రెస్ నడుపుతాడు. గుండ్రటి రేకు బిళ్లని నొక్కితే గిన్నె వస్తుంది. కానీ అంచు సమంగా రాదు, నాలుగు వైపులా చెవుల్లా లేస్తుంది, రెండు పెద్దవి, రెండు చిన్నవి. రేకుని రోలర్ల మధ్య సాగదీసినప్పుడు లోపలి స్ఫటికాలు ఒక వైపుకి ఒదిగిపోతాయి. చెవులు అందుకే వస్తాయి. షిఫా ఆ ఒదుగుని కొలిచి, కంప్యూటర్లో గిన్నెని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ప్రతి గడికీ ఆ లెక్క కలిపింది.

పెద్ద చెవులు రేకు సాగిన వైపున వస్తాయంది కంప్యూటర్. ఆ రోజు అందిన నాన్న గిన్నెలో అవి, రేకు సాగిన వైపుకి గుర్తుగా గీయించిన గీతకి అడ్డంగా ఉన్నాయి.

"స్ఫటికాల గొడవ వదిలేయమ్మా," అన్నారు గైడ్ చంద్రావతి గారు. "శుక్రవారం రివ్యూ. మామూలు మోడల్‌తో కానిచ్చేయ్."

"దాంట్లో అంచు సమంగా వస్తోంది మేడమ్. చెవుల్లేని గిన్నె మా షెడ్డులో ఇంతవరకూ పుట్టలేదండి."

"అయితే శుక్రవారానికి చెవులు కలిపి చూపించు. లేదంటే మామూలుదే."

మర్నాడు పొద్దున్నే ఏలూరు రైలెక్కి, నేరుగా నాన్న షెడ్డుకి వెళ్లింది షిఫా.

"గిన్నె మీద గీత మీరే గీశారా, అబ్బా?"

"నువ్వేగా, నొక్కేముందు బిళ్ల మీద మేకుతో నిలువుగా గీటు పెట్టమన్నావు?"

"నిలువంటే ఎటు?"

ఆయన మెషీన్ ముందు నిలబడి, తన పొట్ట దగ్గర్నుంచి ప్రెస్ వైపుకి చెయ్యి ఊపాడు. "ఇటు. ఇంకెటు?"

షిఫా బల్ల మీది రేకుని వెలుతురుకి ఎత్తి చూసింది. రోలర్ల సన్నటి చారలు ఆ చేతికి అడ్డంగా ఉన్నాయి. నొక్కితే మాసిపోయే చారలవి. నిలువంటే రేకు సాగిన వైపని కాలేజీకి వెళ్లాక అలవాటైంది తనకి. షెడ్డులో నిలువంటే మనిషి నిలబడ్డ వైపు. ఈ షెడ్డులోనే పెరిగింది, అయినా ఆ తేడా తట్టలేదు.

పాత గిన్నెని తిప్పి చూపిస్తే లెక్క సరిపోతుంది. కానీ సరిపోయేలా నువ్వే తిప్పావని మేడమ్ అంటే ఏం చెప్పాలి? కొత్త బిళ్ల తీసుకుంది. చారల వెంబడి మేకుతో గీటు పెట్టి, దాని రెండు కొసల్లోనూ చుక్కలు పొడిచింది.

"పెద్ద చెవులు ఇక్కడ లేస్తాయి. నొక్కండి."

"పుట్టకముందే చెవులు చెప్పేస్తున్నావే! ముక్కు కూడా చెప్పు," అని నవ్వి హిదాయతుల్లా ప్రెస్ దించాడు.

గిన్నె బయటికొచ్చింది. ఆ రెండు చుక్కల దగ్గరే అంచు ఎత్తుగా లేచింది. షిఫా స్కేలు పెట్టింది. కంప్యూటర్ చెప్పినంత ఎత్తు లేదు. అది ఇంకా సాధించాలి. కానీ చోటు మాత్రం తప్పలేదు.

ఆయన అలవాటు కొద్దీ అంచు కోసే మెషీన్ వైపు తిరిగాడు.

"కొయ్యకండి!" షిఫా ఆ గిన్నె లాక్కుంది. "ఈ చెవులతోనే మేడమ్ దగ్గరికి వెళ్తున్నాను."