నాలుక చివర ఉప్పు

ఈ జామకాయ కూడా అంతే, పైకి దోరగా ఉంది, కోస్తే లోపల మెత్తబడి ఉంది, అల్లుడు వస్తున్నాడు కాబట్టి మంచివి పంపుతానని మొగుడు పీర్ మహమ్మద్ పొద్దున వీధంతా వినపడేలా చెప్పిపోయాడు, మంచివి ఎప్పటిలాగే కొత్తకోట బస్టాండు దగ్గర బండి మీదే ఉండిపోయి ఉంటాయి, దూది ఏకే పని వదిలి పండ్ల బండి పెట్టిన నాటి నుంచీ ఇంటికి చేరేవి ఎవరూ కొననివే, సరే, చెడిన భాగం తీసేస్తే సగం కాయ పనికొస్తుంది, సకీనా కత్తిపీట ముందు కూర్చుని ఆ సగాన్ని సన్నగా తరుగుతోంది, బత్తాయి తొనల మీది పొర తీసేసింది, కీరకాయ, ముల్లంగి చక్రాలుగా కోసి పెట్టింది, పండ్ల కచుంబర్ చలికాలంలో చేస్తేనే రుచి, ఈసారి రంజాన్ నిండు చలిలో వచ్చింది, సాయంత్రపు అసర్ నమాజు చేసి లేచేలోగా నీడ పెరటి గోడ ఎక్కేసింది, దాహం వేధించదు, పొద్దు తెలియదు, రోజా ఉపవాసం ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ముగిసిందో అన్నట్టు ఉంది, ఈ ఎనిమిది రోజులూ అట్లాగే జారిపోయాయి, ఎదురుగా పీట మీద దానిమ్మ ఒలుస్తున్న కూతురు ఎనిమిది రోజుల కింద చెప్పాపెట్టకుండా అత్తారింటి నుంచి జడ్చర్ల బస్సు దిగింది, ఏమైందే జాహేదా అంటే ఏం గాలేదమ్మా, ఊకెనే వచ్చిన అంది, దస్తగిరి ఏమన్న అన్నడా అంటే ఏమంటడు అంది, మూడోసారి సకీనా అడగలేదు, అడిగితే చెబుతుందేమోనని భయం వేసింది, నిజం చెప్పుకోవాలంటే అదే, ఇవ్వాళ ఆ దస్తగిరే ఇఫ్తార్‌కి వస్తున్నాడు, తిని ఏడు గంటల బస్సుకు పెళ్ళాన్ని తీసుకుపోతాడట, కబురు పంపాడు, జాహేదా ఆ కబురు విని సరే అంది, వెళ్ళి బట్టలు మడతపెట్టుకుని సంచి గుమ్మం పక్కన పెట్టింది, ఏడ్చినా బాగుండేది.

నిమ్మకాయలు పిండితే పగిలిన వేళ్ళకు రసం తగిలి చుర్రుమంది, అందులోకి బెల్లం తురుము, వేయించి దంచిన జీలకర్ర, మిరియాలు, నూరిన పుదీనా, చివరికి ఉప్పు, మూడు వేళ్ళకు ఎంత వస్తే అంత, రోజాలో ఉన్న మనిషి రుచి చూడకూడదు, చూడకుండానే సకీనా చేతి ఉప్పు తప్పదని వాడకట్టంతా అంటుంది, పక్కింటి బిక్షమ్మ అయితే నీ వేళ్ళల్ల తరాజు ఉన్నదే అని నవ్వుతుంది, ఆ మాటకు ఎంత పొంగిపోయేదో తను, ఆ తరాజు ఎక్కడి నుంచి వచ్చిందో బిక్షమ్మా అడగలేదు, తనూ చెప్పలేదు, పెళ్ళయిన మొదటి రంజాన్‌లో అత్త లాడ్లీ బేగం, పోయి చాలా ఏళ్ళయింది, పొయ్యి దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది, ఒక్కపొద్దు మీద ఉప్పు చూడొద్దు బిడ్డా, కని మొగడు కోపిష్టోడైతె ఆడిదానికి మాఫీ ఉన్నది, నాలుక కొసకు జర తాకిచ్చి ఉమ్మెయ్యాలె, మింగొద్దు, నా కొడుకు సంగతి నాకెర్క, నువ్వు చూసుకో, పద్దెనిమిదేళ్ళ సకీనాకు ఎక్కడలేని రోషం వచ్చింది, నా మొగడు గట్లాంటోడు గాదత్తమ్మా అంది, నాలుకకు ఉప్పు తాకిస్తే మొగుడు కోపిష్టి అని ఒప్పుకున్నట్టే కదా, ఇరవై రెండు రంజాన్‌లు, ఒక్కసారి కూడా తాకించలేదు, అదేదో తన ఘనత అయినట్టు, జాహేదాకు నాలుగేళ్ళప్పుడు రంజాన్ తొలకరి రోజుల్లో పడింది, నేరేడు పళ్ళ కచుంబర్ చేసింది, పీర్ మహమ్మద్ ఒక్క ముక్క నోట్లో పెట్టి ఉప్పేదే అని గిన్నె ఎత్తి కొట్టాడు, కొత్తగా సున్నం వేసిన గోడ నిండా ఊదారంగు మరకలు, మళ్ళీ సున్నం వేసేదాకా పోలేదు, ఏందే సకీనా గీ గోడ అని బిక్షమ్మ అడిగింది, పిల్లి దూకిందక్కా, గిన్నె పడ్డది అని చెప్పింది తను, పక్కనే ఉన్న జాహేదా మనకు పిల్లి ఏడిదమ్మా అంది, కొంగు చాటున పిల్ల తొడ గిల్లింది సకీనా, గట్టిగానే గిల్లింది, పిల్ల ఏడవలేదు, పిల్లి గురించి మళ్ళీ ఎన్నడూ అడగలేదు, ఆ పొద్దు గిన్నె అడుగున మిగిలిన నాలుగు ముక్కలు తిని చూస్తే ఉప్పు సరిపోయినట్టే అనిపించింది, పొద్దంతా ఎండిన నాలుకకు ఏం తెలుస్తుందిలే, పొరపాటు తనదే అనుకుంది.

చిన్న చప్పుడు, సకీనా తలెత్తింది, జాహేదా చిటికెన వేలు రసంలో ముంచి నాలుక కొసకు తాకించుకుంది, పక్కకు తిరిగి ఉమ్మింది, చెంబులో నీళ్ళు తీసుకుని మూడుసార్లు పుక్కిలించి పెరట్లోకి ఉమ్మేసింది, కొంగుతో నాలుక తుడుచుకుంది, సరిపోయిందమ్మా అంది, ఇదంతా జడ వేసుకున్నంత అలవాటుగా చేసింది, రోజాలో ఉన్నావు కదే అనబోయి సకీనా ఆగింది, ఎందుకంటే పిల్ల దానిమ్మ గింజలు రెండు గుప్పిళ్ళు ఒలిచి మళ్ళీ వేలు ముంచింది, మళ్ళీ నాలుకకు, మళ్ళీ ఉమ్మి, సరిపోయిందని ఇప్పుడే కదా అంది, ఇంతలో ఉప్పు ఎక్కడికి పోతుంది, ఎవలు చెప్పిండ్రే నీకిది అంది సకీనా, అత్తమ్మ చెప్పింది అంది జాహేదా తలెత్తకుండా, పోయినేడు రంజాన్ల, నా కొడుకు సంగతి నాకెర్క, నీకు మాఫీ ఉన్నది, చూసుకో అన్నది, అవే మాటలు, ఎవరో ఒక పొయ్యి దగ్గరి నిప్పు తెచ్చి ఇంకో పొయ్యిలో వేసినట్టు, మరి దస్తగిరి, అని సకీనా ఇంకా అడగనేలేదు, జాహేదా దానిమ్మ తొక్క వంక చూస్తూనే చెప్పింది, మా ఇంట్ల గూడ పిల్లి ఉన్నదమ్మా.

ఎంత మెల్లగా చెప్పింది, పదిహేనేళ్ళు దాచుకుని చెప్పింది, గిల్లినచోటు ఇంకా మండుతూనే ఉందేమో, కాదు, మొన్న పీర్ల పండుగకు వచ్చినప్పుడే చెప్పబోయింది, అమ్మా ఆయన అని మొదలుపెట్టింది, తనేమంది, నేను మీ బాపుతోని ఇరవై ఏండ్లు ఎల్లదియ్యలేదా, ఎవలకన్న చెప్పిన్నా, ఇంటి ముచ్చట వాడకట్టుకు పెడ్తమా అంది, పిల్ల నోరు మూసుకుని బస్సెక్కింది, ఆ చేసిన పనికి సంతోషపడింది కూడా తను, బిడ్డకు బుద్ధి చెప్పానని, పిల్ల అత్త, ఆ పరాయి ముసలిది నయం, తన కొడుకు ఎట్లాంటివాడో ఒప్పుకుని పిల్లకు తప్పించుకునే ఉపాయమైనా చెప్పింది, కన్నతల్లి ఏం నేర్పింది, పిల్లి అని చెప్పడం నేర్పింది, థూ, ఇన్నేళ్ళూ మొగుడి ఇజ్జత్, పరువు అనుకుని కొంగున ముడేసుకు తిరిగింది ఒట్టి అబద్ధాన్ని, పిల్లకు సారెగా పెట్టి పంపిందీ దాన్నే.

బయట చెప్పుల చప్పుడు, పీర్ మహమ్మద్ నవ్వుతూ వస్తున్నాడు, వెనక దస్తగిరి, జడ్చర్లలో లారీల మేస్త్రీ, గోళ్ళలో గ్రీజు, మంచివాడిలాగే ఉంటాడు, వాళ్ళందరూ మంచివాళ్ళలాగే ఉంటారు, చాప పరిచింది, ఖర్జూరాలు పెట్టింది, ముక్కల మీద రసం పోసి కలిపింది, జాహేదా గోడకు అతుక్కుని నిలబడింది, సంచి తయారుందా అన్నాడు దస్తగిరి, ఆమె వైపు చూడకుండా, రోజా విడిచే మసీదు సైరన్ కూయడానికి ఇంకా నాలుగైదు నిమిషాలున్నాయి, పీర్ మహమ్మద్ గిన్నెలోకి తొంగిచూసి ఉప్పు సరిగ్గ ఏసినవా, అల్లుని ముందల ఇజ్జత్ తియ్యకు అన్నాడు, నవ్వుతూనే, ఆ నవ్వు కింద ఏముంటుందో సకీనాకు ఒళ్ళంతా తెలుసు, సకీనా గిన్నె ముందు కూర్చుంది, చిటికెన వేలు ముంచింది, ఇద్దరూ చూస్తుండగా నాలుక కొసకు తాకించింది, గుమ్మం బయటికి ఉమ్మింది, నీళ్ళు పుక్కిలించింది, తొందరేమీ పడలేదు, ఆ మాఫీ ఎవరికి ఉంటుందో ఈ చాప మీద కూర్చున్న ఇద్దరికీ తెలుసు, పీర్ మహమ్మద్ మొహంలో నవ్వు అట్లాగే ఉండి రంగు మాత్రం పోయింది, దస్తగిరి జాహేదా వైపు చూశాడు, మొదటిసారి, ఏందే అది అన్నాడు పీర్ మహమ్మద్, నాకు మాఫీ ఉన్నది అంది సకీనా, ఇరవై రెండేండ్ల సంది ఉన్నది, మీ అమ్మనే చెప్పింది, అని అల్లుడి వైపు తిరిగి, తినుండ్రి అల్లుడూ, తిని మీరు బస్సెక్కుండ్రి, బిడ్డ ఈడనే ఉంటది, ఎవలడిగినా పిల్లి అని చెప్ప, అంది, పీర్ మహమ్మద్ చెయ్యి లేచింది, లేచి అల్లుడి ముందు ఎటూ పోలేక గిన్నె అంచు మీద ఆగింది, విసిరితే విసరనీ, ఈసారి మరక తుడవను, సైరన్ కూసింది, ఎవరూ ఖర్జూరం అందుకోలేదు, కొసన తాకిన రుచి ఇంకా సకీనా నాలుక మీదే ఉంది, పులుపు, తీపి, పుదీనా వాసన, ఉప్పు సరిగ్గా ఉంది, నేరేడు పళ్ళ నాడూ సరిగ్గానే ఉంది, ఈ ఇంట్లో ఒక్కనాడు కూడా ఉప్పు తక్కువ కాలేదు.