మంచం కింది మూత

ఎల్లస్వామికి నైట్ షిఫ్ట్ పడిన వారం ఆ ఇంట్లో కుక్కర్ కూత పెట్టదు. తిరుమల అన్నం గిన్నెలోనే వండుతుంది. బోళ్లు తోమదు, అతను లేచేదాకా నానబెడుతుంది. కుట్టు మిషన్ మీద పాత చీర కప్పేస్తుంది. జాకెట్లకు వచ్చినవాళ్లను గేటు దగ్గరే ఆపి, పెదవుల మీద వేలు పెట్టి, వచ్చే వారం రమ్మని సైగ చేస్తుంది. మణుగూరు బొగ్గు గనిలో మట్టి మోసే డంపర్ నడిపేవాడి పెళ్లాం ఇలాగే బతకాలని ఎవరూ రాసిపెట్టలేదు. అందరూ అనుకున్నారు, ఆమె చేసింది.

ఆ పొద్దున అతను డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తిని పడుకున్నాక ఆమె లెట్రిన్‌లో చెంబెడు నీళ్లు పోసింది. నీళ్లు కిందికి పోలేదు. పైకి వచ్చాయి. బేసిన్ అంచుదాకా వచ్చి, కాస్త ఆగి, గడప వైపు బయలుదేరాయి. లోపల ఉండాల్సినవన్నీ వాటి వెంట వచ్చాయి.

ఆమె గోనెసంచి అడ్డం వేసింది. మగ్గుతో ఎత్తి బకెట్‌లో పోసింది. బకెట్ పిడి చప్పుడు చేస్తుందని దానికి గుడ్డ చుట్టింది. పెరట్లో గుంత తీసి అందులో కుమ్మరించి, మళ్లీ వచ్చేసరికి గడప మళ్లీ తడిసి ఉంది.

"జల్దీ కానియ్యే, నాకు ఆగుతలేదు" అంది గోడ పట్టుకుని నిలబడిన అత్త సారక్క. ఆమెకు షుగర్.

"మొన్ననే చెప్పిన గదత్తా, నీళ్లు గుడగుడ అంటున్నయని."

"చెప్తే ఏంది? వాడు డ్యూటీ చేసుకుంటడా, నీ గుడగుడ ఇంటడా?"

సారక్క కర్ర పట్టుకుని పక్కింటి జంపక్క దగ్గరికి పోయింది. తిరుమల పోలేదు. పోతే నీళ్లు వంటింట్లోకి వస్తాయి. పైగా పోయినసారి ఇలాగే అయినప్పుడు పక్కింటికి పోతే, "మనింటి కంపు ఊరంత మోస్తున్నవా?" అన్నాడు ఎల్లస్వామి. ముసలిదానికి ఆ మాట వర్తించదు. మునుపు ఇంటి వెనకే అడవి ఉండేది. ఇప్పుడు అక్కడ గనిలోంచి తోడిన మట్టి గుట్టలుగా ఉంది, చాటుకు ఒక్క చెట్టు లేదు. లేచిన దగ్గర్నుంచి తిరుమల లెట్రిన్‌కు పోలేదు. ముందు ఎల్లస్వామి వచ్చాడు, తర్వాత అత్త, తర్వాత ఈ నీళ్లు. కడుపు కింద రాయి కట్టినట్టుంది. వంగినప్పుడల్లా ఆ రాయి కదులుతోంది. ఓర్చుకోవడం ఆమెకు కొత్త కాదు. అందుకే ఆమె ఓర్చుకుంటోందని ఎవరికీ తెలియదు.

లెట్రిన్ ట్యాంకు నిండింది. మూత తెరిచి ఎత్తించాలి. ఆ మూత ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఎల్లస్వామి మంచం కింద ఉంది.

పగటి నిద్రకు వెలుతురు రాని గది కావాలని అతను ఇంటి వెనక, సరిగ్గా ట్యాంకు మీద, కిటికీ లేకుండా ఒక గది కట్టించుకున్నాడు. పునాది తీస్తున్న రోజు తిరుమల చాయ్ తీసుకుపోయి, "మూత లోపల పడుతది గదా" అంది. ఎల్లస్వామి మేస్త్రీ వైపు తిరిగి, "ఇంజినీరమ్మ వచ్చింది. ఇగ నువ్వు తాపీ కింద పెట్టు" అన్నాడు. మేస్త్రీ నవ్వాడు. ఆమె ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చింది. మూత మీద బండలు వేయకుండా వదిలేసి, దాని మీద మంచం వేశారు. ఆ గదిలో కూలర్ ఉంది. ఆ గదిలో ఆమె ఎన్నడూ పగలు నడుము వాల్చలేదు.

లేపాలంటే భయం. కొడతాడని కాదు. "డంపర్ మీద కునుకు పడ్డదంటే గుట్ట మీదికెళ్లి కింద బొర్లుతది. గప్పుడు నన్ను నువ్వే సంపినట్టు" అంటాడు. ఆ మాట ఆమె కడుపులో గూడు కట్టుకుంది. ఒకసారి ఆమె చేతిలోంచి గంజి వార్చే మూత జారి పడితే అతను లేచి కూర్చున్నాడు. తినకుండా డ్యూటీకి పోయాడు. ఆ రాత్రంతా ఆమె ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెల్లారి అతను వచ్చి, టిఫిన్ ఏందని అడిగాడు. ఆమె నిద్ర పోయిందా అని అడగలేదు. ఆమె నడిపేది డంపర్ కాదు గదా.

లెట్రిన్ ట్యాంకులు ఎత్తే భీమ్లాకు ఫోన్ చేసి, అతని ట్యాంకర్ బండిని వీధి చివరే ఆపించింది. అతను పైపు భుజాన వేసుకుని నడిచి వచ్చాడు.

"అక్కా, మూతేది?"

ఆమె మూసి ఉన్న తలుపు చూపించింది.

"రూమ్లనా?"

"మంచం కింద."

"మంచం మీద?"

"మీ అన్న."

భీమ్లా పకపకా నవ్వబోయి, చటుక్కున చేత్తో నోరు మూసుకున్నాడు. ఆ తలుపు వెనక నిద్ర సంగతి అతనికీ తెలుసు.

"నేనైతే లేపనక్కా. నాకు ఇంట్ల పిల్లలున్నరు. నేనిప్పుడు పినపాక దిక్కు పోతున్న, వచ్చే వారం వస్త. అన్నకు అప్పుడు పగటి డ్యూటీ ఉంటది."

"వచ్చే వారం దాంక ఎట్ల?"

"జర ఓర్సుకోరి. ఆడోళ్లు ఓర్సుకుంటరు గదా."

అతను చెడ్డగా అనలేదు. అది చెడ్డగా అనవలసిన మాట కూడా కాదు. అందరి నోట్లో అది అలవాటుగానే ఉంటుంది. పైపు చుట్టుకుంటూ గేటు వైపు నడిచాడు. తిరుమల గడప వైపు చూసింది. నీళ్లు గోనెసంచిని దాటాయి. మళ్లీ ఎత్తాలి. సాయంత్రం ఎత్తాలి. రేపు, ఎల్లుండి, చప్పుడు కాకుండా ఎత్తాలి. వారమంతా ఎత్తగలనని ఆమెకు తెలుసు. అది తెలిసే భయం వేసింది. డంపర్ భయం కంటే అది పెద్దది.

"ఆగు భీమ్లా" అంది. "పోకు."

అప్పుడే తిరిగి వచ్చిన సారక్కకు కోడలు మొహం అర్థమైంది. "వాణ్ని లేపకే. రాత్రి డ్యూటీ ఉన్నది. వాని పాణానికి ఏమన్న అయితే?"

తిరుమల చేతులు సబ్బుతో మోచేతులదాకా కడుక్కుంది. ఆ గది తలుపు కింద తడి తువ్వాలు దోపి ఉంది. లోపలికి వాసన పోకూడదని పొద్దున ఆమే దోపింది. దాన్ని కాలితో లాగేసి, తలుపు తెరిచి లైటు వేసింది. లోపల చల్లగా, అగరుబత్తి వాసనతో ఉంది. అదీ ఆమె వెలిగించిందే.

"ఏందే?" అన్నాడు ఎల్లస్వామి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

"లెవ్వు. ట్యాంకు ఎత్తాలె."

"సోయున్నదా నీకు? రాత్రి డంపర్ మీద కునుకు పడితే..."

ఆమె మంచం పక్కకు వచ్చి నిలబడింది. "నిద్ర సాలకుంటే నాగా పెట్టు."

డ్యూటీ ఎగ్గొట్టడాన్ని గని ఇళ్లలో నాగా అంటారు. ఆ మాట అతను ఎన్నోసార్లు తనకోసం అన్నాడు. ఆమె నోటి నుంచి వినడం ఇదే మొదలు. లేచి కూర్చున్నాడు.

"అమ్మకు ఆగుతలేదా? జంపక్క ఇంటికి తోలరాదు?"

"అత్త పోయొచ్చింది."

"మరెవలికి?"

"నాకు."

అతను ఆమె మొహం వంక చూశాడు, ఆ ఇంట్లో ఆమె కూడా లెట్రిన్‌కు పోతుందని అప్పుడే విన్నట్టు. గుమ్మంలో సారక్క కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"భీమ్లా! బండి లోపలికి తే! మోటరు పెట్టు!" అని అరిచింది తిరుమల. నైట్ షిఫ్ట్ వారం ఆమె గొంతు వీధిలోకి వినబడటం ఎవరూ ఎరగరు. జంపక్క గోడ మీదుగా తల ఎత్తి చూసింది.

ఎల్లస్వామి ఇంకా మంచం మీదే ఉన్నాడు. ఆమె వంగి, మంచం కోడు పట్టుకుని లాగింది. మంచం బండల మీద కీచుమంది. ఆమె ఆపలేదు.