తలుపు మీద పందెం

కృపాదానం పేరులో దానం ఉంది గానీ, ఇరవై రెండేళ్ళుగా చేతిలో ఉన్న స్టీరింగుని మాత్రం ఆయన ఎవరికీ దానం చేసే రకం కాదు. మాచర్ల నుంచి గుంటూరు వెళ్ళే తొలి బస్సు ఆయనది. ఊరు లేవకముందే బయల్దేరి, ఊరు మధ్యాహ్నం కునుకు తీసే వేళకి తిరిగొచ్చేది.

ఎనభై ఆరు దసరా నుంచి ఆయన కళ్ళకి శుక్లాలు కమ్మాయి. లోకానికి నెలలో సగమే శుక్లపక్షం. ఆయనకి నెల పొడుగునా, మిట్టమధ్యాహ్నం కూడా వెన్నెలే. ఎదురొచ్చే లారీ పాలకుండలోంచి లేచిన ఏనుగులా ఉండేది. కంకర కుప్పలు మబ్బుల్లా పక్కన తేలిపోయేవి. అయినా బస్సు సాగింది. కారంపూడి దాటాక జంట గుంటలు, ఆపైన కల్వర్టు ఎగుడు, ఆపైన సున్నపు బట్టీ వాసన. రోడ్డుని ఆయన కళ్ళతో కాకుండా కూచున్న చోటుతో చదివేవాడు.

డిపోలో కంటిపరీక్ష పెట్టినప్పుడు వరసలో పదోవాడుగా నిలబడి, ముందు తొమ్మిదిమంది చదివింది విని, గడగడా అప్పజెప్పాడు. అక్షరాలా మోసం. నిజం చెబితే స్టీరింగు తీసుకుని గేటు దగ్గర స్టూలు ఇస్తారు. వచ్చే బస్సుకి గొలుసు దించాలి, పోయే బస్సుకి గొలుసు దించాలి. అందుకే ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదు.

క్రిస్మస్ నాటకం అయిపోయాక చర్చి పిల్లల క్లబ్బు పలచబడింది. పాస్టరుగారి భార్య ప్రేమకుమారి ఏదో పాత పత్రికలో చెక్కకార్ల పందెం బొమ్మ చూసి, ఒక ఆదివారం కృపాదానాన్ని మెట్ల మీదే పట్టుకుంది.

"పిల్లలు తలా ఒక చెక్కకారు చేసుకొస్తారండీ. ఏటవాలు బల్ల మీద పైనుంచి వదలటమే. బండ్ల సంగతి మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? మీరే జరిపించాలి. ఎవరు గెలిచారో చెప్పేది కూడా మీరే."

ఆ చివరి మాట ఆయనకి నోట్లో మిరపగింజ పడ్డట్టయింది. కాదంటే ఎందుకంటారు. అవునంటే గెలిచిందెవరో ఎట్లా చూడాలి. "దానికేముందమ్మా" అన్నాడు.

బల్ల ఎక్కడ దొరుకుతుందని చర్చిలో చర్చ జరిగింది. కృపాదానం ద్వారానికి ఆనుకుని నిలబడి, అలవాటుగా తలుపు తడుముతున్నాడు. దొరలనాటి టేకు తలుపు, తొమ్మిదడుగుల రెక్క. నిలువునా రెండు పట్టీలు ఉబ్బెత్తుగా ఉన్నాయి. అంటే మధ్యలో మూడు దారులు.

"తలుపు తీద్దామమ్మా" అన్నాడు.

"తీసే ఉంది గదండీ."

"తెరవటం కాదు, ఊడదీయటం. మెట్ల మీద ఏటవాలుగా పడుకోబెడితే హైవేనే."

వారమంతా చర్చి వాకిట్లో రంపపు పొట్టు గాలిలో ఎగిరింది. కృపాదానం మధ్యాహ్నం డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చేవాడు. ఆయన కళ్ళకి ఆ పొట్టు ఎండలో ఈదే బంగారు చేపపిల్లల్లా ఉండేది. పిల్లలు ఆపిల్ పెట్టెల చెక్కలు కోసి, ఆముదం రాసి, కార్లు చేశారు. చర్చి పక్కింట్లో ఉండే డిపో మెకానిక్ అబ్దుల్ జబ్బార్ కూతురు కుల్సుం కూడా వచ్చి కూచుంది. వాళ్ళమ్మ కుట్టుమిషను కాడ దారమంతా అయిపోయిన కొయ్య కండెలుంటే, వాటిని కోసి చక్రాలు వేసింది.

"ఏమే, నీ కారు కుడుతుందా, పోతుందా?" అన్నాడు జీవరత్నం. వాడిది ఎర్రరంగు వేసిన లారీ అంతటి కారు.

"నీకంటే ముందు పోయి, నీ చిరుగులు కుడుతుందిలే."

కృపాదానం పకపకా నవ్వాడు. ఆ పిల్లల మధ్య ఆయన తన గుబులు మరిచిపోయేవాడు. ఇంటికెళ్ళే దారిలో మళ్ళీ గుర్తొచ్చేది. చివరికి ఒక ఉపాయం తోచింది. తలుపు కిందికొసన అడ్డంగా కట్టటానికి ఒక వెదురుబద్ద తెచ్చి, దానికి మూడు గంటలు వేలాడదీశాడు. ఎడమదారికి ఎద్దు గంట, నడిమిదారికి మేక మువ్వ, కుడిదారికి సండే స్కూలు చేతిగంట. ఏ కారు ముందు తగిలితే ఆ గంట ముందు మోగుతుంది. కంటితో పన్లేదు, చెవి చాలు.

"ఎంత అందంగా ఉందండీ" అంది ప్రేమకుమారి. ఆయన తల వంచుకున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక తలుపు ఊడదీసి, మెట్ల మీద వాల్చి, గంటల బద్ద కట్టారు. వీధి వీధంతా వచ్చింది. జబ్బార్ చేతుల గ్రీజు కడుక్కుని వచ్చి ముందు వరసలో నిలబడ్డాడు. మొదటి పందేలన్నీ కృపాదానం చెవికి చక్కగా అందాయి. ఢంగ్ అంటే ఎడమ, టింగ్ అంటే నడిమి, గణగణ అంటే కుడి. జనం "అబ్బ, డ్రైవరుగారి చూపు చూపే" అనుకుంటుంటే ఆయనకి ఏదో కలలో ఎవరికో చేస్తున్న సన్మానంలా ఉంది.

ఆఖరి పందెం. ఎడమన పాస్టరుగారి చిన్నోడు, నడిమిన జీవరత్నం, కుడిన కుల్సుం. ప్రేమకుమారి పైనున్న అడ్డుబద్ద ఎత్తింది. కేకలు లేచాయి. కృపాదానం కళ్ళు మూసుకుని మరీ విన్నాడు.

టింగ్.

"నడిమిదారి. జీవరత్నం గెలిచాడు" అన్నాడు చెయ్యెత్తి.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఆ వెనకే చేతిగంట గణగణమంది, కాసేపటికి ఎద్దు గంట. తలుపు లేని గుమ్మంలోంచి చల్లటి గాలి వచ్చి ఆయన మెడని తాకింది. మేక మువ్వ మళ్ళీ దానంతటదే టింగుమంది. మూడింటిలో తేలికైన మువ్వ. కారు రాకుండానే గాలి మోగించింది.

జీవరత్నం మెల్లగా దగ్గరికొచ్చాడు. "నేను గెలవలా తాతా. సగంలోనే చక్రం ఊడి తిరగబడ్డా. అదుగో, అక్కడే ఉంది."

కృపాదానం అటు చూశాడు. పాలలో ఎర్రటి మరక. అది కారో, ఎవరి గౌనో. కుల్సుం కారు మాత్రం జారి జారి వచ్చి ఆయన చెప్పుకి ఆనుకుని ఆగి ఉంది.

గాలి మీద నెట్టేస్తే నెట్టేయొచ్చు. గాలి కాదనదు. కానీ జీవరత్నం వాడి చక్రం ఊడిన సంగతి వాడే చెప్పుకున్నాడు.

"నాకు కనపళ్ళేదురా" అన్నాడు. "చానాళ్ళుగా కనపట్టంలా."

జబ్బార్ ముందుకొచ్చాడు. గొంతు తగ్గించాడు. "అన్నా, మరి పొద్దుటి బస్సు?"

"నేనే తోలుతున్నా."

"యాభై మంది ఎక్కుతారు గదన్నా. మా పెద్దపిల్ల సాబిరా కూడా దాంట్లోనే పోయిద్ది."

"తెలుసు."

ప్రేమకుమారి వచ్చి, మేక మువ్వని విప్పి, ఆయన చేతిలో పెట్టింది. "పందెం మళ్ళీ పెడదాం. కింద చూట్టానికి ఇన్ని కళ్ళున్నాయి. వదిలేది మీరు వదలండి. రైట్ చెప్పటానికి కళ్ళతో పనేముంది?"

ఆయన మెట్ల మీదికెక్కి అడ్డుబద్ద పట్టుకున్నాడు. జీవరత్నం చక్రానికి జబ్బార్ మేకు కొట్టాడు. "రైట్ రైట్" అని కృపాదానం బద్ద ఎత్తి, అరచేతులు తలుపు మీద ఆనించాడు. కొయ్య చక్రాలు టేకు మీద దొర్లుతూ దూరమైపోయే చప్పుడు ఆయన అరచేతుల్లోంచి భుజాల దాకా పాకింది, కల్వర్టు దిగేటప్పుడు స్టీరింగు వణికినట్టే. కింద పిల్లలంతా ఒక్క గొంతుతో "కుల్సుం" అన్నారు.

సోమవారం ఆయన డిపో మేనేజరు ముందు నిలబడి అక్షరాల సంగతి చెప్పేశాడు. స్టూలు సంగతి తర్వాత చూద్దాం, ముందు గుంటూరు కంటాసుపత్రికి పొమ్మన్నాడాయన.

మంగళవారం తొలి బస్సులో కృపాదానం కిటికీ పక్కన కూచున్నాడు. కండక్టరు టికెట్ల సంచితో వచ్చి ఆగిపోయాడు. "ఏంది డ్రైవరుగారూ, ఇక్కడ కూచున్నారు?"

"ఇన్నేళ్ళూ రోడ్డే చూశా. పక్కన ఏముందో చూద్దామని."

జేబులో కుల్సుం ఇచ్చిన కండె చక్రం ఒకటి ఉంది. జంట గుంటల దగ్గర బస్సు రెండుసార్లు ఊగింది. ఆయన కాలు తనకి తెలియకుండానే లేని బ్రేకుని తొక్కింది. పొద్దు పొడిచింది. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి కాబోలు, కిటికీ నిండా ఎర్రటి మంచు, ఆ మంచులో ఎవరో ఆడవాళ్ళు వంగి లేస్తున్నారు. అంచులు లేని ఆ ఎరుపుని ఆయన కల్వర్టు వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడు.