బండి కింద వెన్న

"బండి నడుస్తుంటే వెన్న ఎలా వస్తుంది? తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి" అంది ఛాయాదేవి.

మనవరాలు నీహారిక ఎత్తలేదు. పదేళ్ళు నిండాయి, చెయ్యెత్తడం చిన్నపిల్లల పని అనుకుంటోంది. దాని తమ్ముడు ఫణి మాత్రం రెండు చేతులూ ఎత్తాడు.

"ఇంజన్‌లోంచి!"

"ముందు ఒక చెయ్యి దించు. ఇంజన్ లేని బండిరా."

ఆరెగాన్‌లో, హిల్స్‌బరో ఊళ్ళో, ఆదివారం పొద్దున. బయట సన్నగా వాన. పిల్లలిద్దరూ టీవీ రిమోట్ కోసం కొట్టుకుంటుంటే, వంటింట్లో మజ్జిగ చిలుకుతున్న ఛాయాదేవి కవ్వం అలాగే వదిలేసి వచ్చి మధ్యలో కూర్చుంది. తెనాలి ఆడపిల్లల హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరైన మనిషి. గొడవపడే పిల్లలకి కేకలకన్నా ప్రశ్న బాగా పనిచేస్తుందని ఆవిడకి తెలుసు.

"మీగడలో కొవ్వు కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా ఉంటుంది. కుదిపితే అవి ఒకదాన్నొకటి గుద్దుకుని అంటుకుంటాయి. అలా అంటుకునీ అంటుకునీ ముద్దవుతాయి. కవ్వంతో కుదపొచ్చు, గతుకుల దారిలో బండితోనూ కుదపొచ్చు. నేను చెప్పడం కాదు, మార్తా చేసి చూపించింది."

"మన మార్తానా?" అన్నాడు ఫణి.

"మన మార్తానే. అప్పటికింకా మనది కాలేదు."

అది రెండువేల ఎనిమిది అక్టోబరు. పిల్లల అమ్మ ఉమామహేశ్వరి అమెరికా తూర్పు కొసన ఎడిసన్‌లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసింది. ఫణి కడుపులో ఉండగానే భర్త రఘు గుండెపోటుతో పోయాడు. ఆమె పనిచేస్తున్న కంపెనీలో లేఆఫ్‌లు మొదలయ్యాయి. వెతగ్గా వెతగ్గా హిల్స్‌బరోలో ఒక ఉద్యోగం దొరికింది. సోమవారం పొద్దున జాయిన్ కావాలి. కాకపోతే ఆఫర్ పోతుంది, దాంతోపాటు వీసా పోతుంది. విమానంలో వెళ్ళొచ్చు కానీ, రఘు మోజుపడి కొన్న కారుని వదిలి రావడానికి ఆమెకి మనసొప్పలేదు. రైస్ కుక్కరు, ప్రెషర్ కుక్కరు, వాటి మధ్య ఇరికించిన ఆవకాయ జాడీ, కార్ సీట్లో నెలల పిల్లాడు, వాడి పక్కన నాలుగేళ్ళ నీహారిక, ముందు సీట్లో మ్యాపు తిరగేసి పట్టుకున్న ఛాయాదేవి. అలా దేశం ఈ చివర్నుంచి ఆ చివరకి బయల్దేరారు.

ఆదివారం మధ్యాహ్నానికి ఆరెగాన్‌లోకి వచ్చి, నీలి కొండల మీద ఆగిపోయారు. పొగమంచు. అక్కణ్ణుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ లోయలోకి దిగాలి. కారు ముందు బానెట్టే కనిపించడం లేదు. రెస్ట్ ఏరియాలో కారాపి, ఉమ స్టీరింగ్ మీద తల పెట్టుకుంది.

"నా వల్ల కాదమ్మా. వెనక్కి పోదాం. ఇండియాకి టికెట్లు బుక్ చేసేస్తాను."

"సరే, ఫ్లాస్కులో కాఫీ ఉంది. తాగి ఏడువు" అంది తల్లి.

అప్పుడు వినిపించాయి గంటలు. మంచులోంచి ముందు కొమ్ములు వచ్చాయి, తర్వాత ఎడ్లు, ఆ వెనక తెల్లగుడ్డ కప్పిన పెద్ద బండి. పక్కనే నడుస్తూ, బురదంటిన పొడుగు గౌనులో ఒకామె. ముప్పయ్యేళ్ళుంటాయేమో. బండికి వెనక కట్టిన ఆవు, కింద ఊగుతూ మూతపెట్టిన చెక్క బకెట్టు.

పక్క ట్రక్కు డ్రైవరు కాఫీ కప్పు పైకెత్తి పలకరించాడు. "మార్తా వచ్చేసింది. మంచు పట్టినప్పుడు మేమందరం ఆవిడ వెనకే దిగుతాం. ఇన్నేళ్ళలో ఎప్పుడూ దారి తప్పలేదు" అని ఉమకి చెప్పాడు.

మార్తా ఎడ్లకి నీళ్ళు పెట్టింది. కార్లో ఫణి పాలకోసం గుక్కపట్టి ఏడుస్తుంటే, అడక్కుండానే ఎత్తుకుని భుజం మీద వేసుకుంది. వాడు నోరు మూశాడు. ఛాయాదేవి కళ్ళు మాత్రం బకెట్టు మీదే ఉన్నాయి.

"అందులో ఏముంది?"

"పొద్దున మీగడ వేశాను. సాయంత్రానికి వెన్నవుతుంది" అంది మార్తా. "గతుకులున్నంత కాలం నాకు చిలికే పని లేదు."

మాటల్లో మిగతాది చెప్పింది. నూటయాభై ఏళ్ళ కిందట, జనం ఎడ్లబళ్ళ మీద పడమటికి వలసపోయే రోజుల్లో, మిస్సోరీ నుంచి మొగుడితో బయల్దేరింది. దారిలో జ్వరం వచ్చి ఆయన పోతే నది ఒడ్డున పూడ్చిపెట్టింది. ఒక ఎద్దు కుంటిదైతే, పిల్లల్ని ముందు బండ్లవాళ్ళతో పంపి తను వెనకబడింది. పిల్లలు లోయకి చేరారు, పెద్దయ్యారు, వాళ్ళకి పిల్లలు పుట్టారు, వాళ్ళకీ పిల్లలు. తను కొండ దిగిన ప్రతిసారీ ఊరి పొలిమేర దాకా పోయి, బండి తిప్పుకుని వచ్చేస్తోంది.

"ఎందుకని?" అంది ఉమ.

"నన్నెరిగినవాళ్ళు ఎవరూ లేరుగా. పిలవని ఇంటికి ఎలా వెళ్ళను?"

ఛాయాదేవి హ్యాండ్‌బ్యాగ్ తెరిచి కుంకుమ భరిణె తీసి కూతురి చేతిలో పెట్టింది. ఉమ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నువ్వు పెట్టమ్మా. నేను పెట్టకూడదుగా."

"హిల్స్‌బరోలో ఇల్లు ఎవరు తీసుకున్నారు?"

"నేనే."

"పాలు పొంగించేది ఎవరు?"

"నేనే."

"మరి పేరంటానికి పిలవాల్సింది ఎవరు? పూర్తి వాక్యంలో చెప్పు."

ఉమ ఏడుస్తూనే నవ్వింది. రఘు పోయాక మొదటిసారి ఆ భరిణెలో వేలు పెట్టింది. మార్తా నుదుటి మీద మంచు తడి తుడిచి, బొట్టు పెట్టింది. "వచ్చే ఆదివారం హిల్స్‌బరోలో మా కొత్తింట్లో పాలు పొంగిస్తున్నాం. మీరు తప్పకుండా రావాలి."

మార్తా ఆ బొట్టుని వేలితో తాకి చూసుకుంది. పిల్లాణ్ణి ఉమకిచ్చి ఎడ్లని అదిలించింది.

ఆ బండి వెనకే ట్రక్కులు, కార్లు, వాటి మధ్యలో రఘు కారు, మెలిక తర్వాత మెలిక, మెల్లగా దిగాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. కింద ఎండ కాస్తోంది. సోమవారం పొద్దున ఉమ ఆఫీసులో ఉంది.

ఆదివారం పాలు పొంగించారు. కొత్తింట్లో కరెంటు పొయ్యి. పాలు తూర్పువైపుకి పొంగాలని గిన్నెని వంచి చూస్తుండగా మొత్తం కాయిల్ మీద ఒలికింది. ఇల్లంతా పొగ. స్మోక్ అలారం కూతపెట్టింది. నీహారిక టవలు ఊపుతోంది, ఉమ కుర్చీ ఎక్కి అలారం మీద బటన్ వెతుకుతోంది. ఆ గోలకి పక్కింటి డోరతీ పరిగెత్తుకొచ్చింది. డెబ్భై దాటిన మనిషి.

వాకిట్లో గంటలు వినిపించాయి. ఎడ్లు డ్రైవ్‌వేలో నిలబడ్డాయి. మార్తా బొట్టు చెదరకుండా, చేతిలో బకెట్టుతో గుమ్మం బయటే ఆగింది.

డోరతీ ఆమెని కాసేపు చూసింది. "మా ముత్తాత దగ్గర వాళ్ళమ్మ ఫోటో ఉండేది, అది నీదే. ఆయన ముసలాడయ్యాక కూడా అరుగు మీద కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేవాడు. చాలా ఆలస్యం చేశావు నానమ్మా" అంది.

"వీళ్ళు పిలిచారు" అంది మార్తా.

డోరతీ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య కంచె తీసేశారు. కాలనీ అసోసియేషన్ ఆయన వచ్చి ఎడ్లని చూసి, మెయిల్‌బాక్స్‌కి అడ్డం రాకుండా కట్టుకొమ్మని చెప్పి వెళ్ళాడు. ఛాయాదేవికి వీసాలో ఉండనిచ్చిన ఆరు నెలలూ అయిపోయి తెనాలికి తిరిగెళ్ళాల్సి వచ్చినప్పుడు, పిల్లల్ని ఎవరు చూస్తారని ఉమకి బెంగ. ఛాయాదేవికి లేదు. ఎయిర్‌పోర్టుకి బయల్దేరే ముందు ఫణిని తీసుకెళ్ళి మార్తా ఒళ్ళో పెట్టింది. తర్వాత వచ్చిన ప్రతిసారీ వాడు ఆ ఒళ్ళోనే ఇంకాస్త పెద్దవాడై కనిపించాడు.

"వీడికి తొలి అడుగు వేయించింది మార్తా. నీ జడ అల్లేది మార్తా. ఆవిడకి మనమేం ఇచ్చాం?" అంది ఛాయాదేవి.

నీహారిక ఆలోచించింది. ఆలోచిస్తూ తనకి తెలియకుండానే చెయ్యెత్తింది. "బొట్టు పెట్టి పిలిచాం."

"కరెక్ట్."

"అమ్మమ్మా, మరి బండి ఇప్పుడు గ్యారేజ్ పక్కనే ఉంది కదా" అన్నాడు ఫణి. "అది కదలట్లేదు. వెన్న ఎలా వస్తుంది?"

ఛాయాదేవి కిటికీలోంచి చూసింది. వాన తగ్గింది. మార్తా ఎడ్లకి గడ్డి వేస్తూ, డోరతీ ఏదో అంటే తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. నుదుటి మీద బొట్టు ఎర్రగా ఉంది.

"రాదు నాన్నా, దానంతటది రాదు. ఆవిడ ప్రయాణం అయిపోయింది" అంటూ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "తప్పుకోండి. సగం చిలికి వచ్చాను."