చొప్ప రసంలో బతికిన ఈస్ట్

అక్క చేలో మొక్కజొన్న కోత అయ్యాక చొప్పకు నిప్పు పెట్టడం ఏటా జరిగేదే. ఆ పొగకు బావకు ఆయాసం వచ్చేది. ఆ ఏడు మాత్రం చెల్లెలు అడ్డుపడింది. తను పనిచేసే కర్మాగారంలో చొప్ప నుంచి ఇంధనం తీస్తారని, లారీలు పంపిస్తానని చెప్పింది. అక్క నమ్మి, చొప్పంతా గట్టున కుప్పలు వేయించింది.

లారీలు రాలేదు. వాన వచ్చింది. చివరికి విత్తే అదను దాటిపోతుంటే సగం తడిసిన కుప్పలను అక్క తగలబెట్టక తప్పలేదు. బావ నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అక్క చెల్లెలితో మాట్లాడటం మానేసింది.

తప్పు కర్మాగారం ట్యాంకులో జరిగింది. చొప్పను ముక్కలు చేసి, ఆవిరిలో ఉడికించి, ఎంజైములు కలిపితే పీచు కరిగి చక్కెర రసం అవుతుంది. ఆ చక్కెరను ఈస్ట్ అనే సూక్ష్మజీవి తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. అయితే ఉడికేటప్పుడు చక్కెరతోపాటు కొన్ని ఘాటు పదార్థాలూ పుడతాయి. వాటిని తట్టుకోలేక పెద్ద ట్యాంకులో ఈస్ట్ రెండో రోజుకే చచ్చిపోయింది. దాంతో చొప్ప కోసం లారీలు పంపడం ఆపేశారు.

"ఉడికిన చొప్పను నీళ్లతో కడిగి చూద్దాం," అన్నాడు ఇంజనీరు. మాటకు ముందు టైమెంతని అడిగే అలవాటు వల్ల అందరూ ఆయన్ని గడియారం అనేవారు.

"అన్ని నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తామండీ?" అంది చెల్లెలు. " ఈస్ట్‌కే ఆ ఘాటు అలవాటు చేద్దాం."

"అలవాటు పడటానికి అదేమన్నా కొత్త కోడలా?"

"కోడలైనా ఒక్కరోజులో అలవాటు పడదు కదండీ. మూడు నెలలివ్వండి."

మొదటి సీసాలో ఒక్క చెంచా రసం కలిపింది. మర్నాడు బతికి ఉన్న ఈస్ట్‌ను ఇంకాస్త ఘాటైన సీసాలోకి మార్చింది. ఆదివారాలు కూడా వెళ్లి మార్చింది. ఏడో వారంలో ఓ ఉదయం మూత తీయగానే గుప్పున పులుపు వాసన కొట్టింది. వేరే సూక్ష్మజీవులు చేరి అంతా పాడుచేశాయి. స్టూలు మీద కూలబడి కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, అంతకుముందు వారం ఫ్రీజర్‌లో దాచిన ఈస్ట్‌తో మళ్లీ మొదలుపెట్టింది.

మూడు నెలలు కాస్తా అయిదయ్యాయి. చివరికి పెద్ద ట్యాంకులో నాలుగో రోజు కూడా నురగ ఆగలేదు. గడియారం ట్యాంకుకు చెవి ఆనించి ఆ బుడబుడలు వింటూ టైమడగడం మర్చిపోయాడు.

చెల్లెలు ఒక డబ్బా ఇంధనం పట్టుకుని అక్క ఇంటికి వెళ్లింది.

"మళ్లీ చొప్ప కోసమా?" అంది అక్క, తలెత్తకుండానే.

"ముందు నా తప్పు ఒప్పుకోవడానికక్కా. లారీలు రావని నాకు వానకు నాలుగు రోజుల ముందే తెలుసు. మొహం చెల్లక నీ ఫోన్ ఎత్తలేదు."

అక్క తలెత్తింది. "లారీలు రాలేదని కాదే నా కోపం. ఆ ఒక్క ముక్క చెప్పుంటే, వానకి ముందే పశువులున్నవాళ్లు చొప్పను మేతకు తోలుకెళ్లేవాళ్లు. ఈయన మంచాన పడేవాడు కాదు."

"నిజమేనక్కా."

బావే కలగజేసుకున్నాడు. "ఆ డబ్బాలో ఏముంది మరదలా?"

చెల్లెలు నీళ్ల పంపు ఇంజన్‌ను ఆల్కహాల్‌కు తగ్గట్టు సరిచేసి, డబ్బా ఒంపి తాడు లాగింది. ఇంజన్ రెండుసార్లు దగ్గింది. మూడోసారి అందుకుంది. బావ అలవాటుగా ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, కాసేపటికి తనే తీసేశాడు. గొట్టంలోంచి నీళ్లు ఉరికాయి.

"సగం చేను చొప్పే ఇస్తా," అంది అక్క. "మిగతాది నేలలో కలియదున్నుతా. నీ మాట మీద నమ్మకం కుదిరితే వచ్చే ఏడు చూద్దాం."

కోతలయ్యాక లారీ ఒక రోజు ఆలస్యమైంది. ఆ సంగతి చెల్లెలు ముందే ఫోన్ చేసి చెప్పి, అక్కచేత తిట్లు తింది. లారీ వచ్చిన రోజు బావే దగ్గరుండి చొప్ప ఎత్తించాడు.

"పక్క చేనువాళ్లు కూడా అడుగుతున్నారే," అంది అక్క. "వాళ్లదీ పట్టుకెళ్తారా?"

"ఉన్నది ఒక్క ట్యాంకేనక్కా. రెండోదానికి పునాది తవ్వుతున్నారు."

"త్వరగా కానివ్వమను మరి," అంటూ అక్క లారీ వెనక తలుపు గడియ వేసింది.