వ్యానును ఆపిందెవరు?

ఒక మెకానిక్ షెడ్డు గోడ మీద సుద్దముక్కతో నాలుగంకెలు రాసి ఉండేవి. ఎనిమిది, ఎనిమిది, సున్నా, సున్నా. మీరు రోజూ అటు వెళ్లినా పట్టించుకునేవారు కాదు. ఆ నాలుగంకెలతో ముప్పై వ్యాన్ల ప్రాణం ఎవడి చేతుల్లోకైనా పోతుందని వాటిని రాసిన మెకానిక్కుకే తెలియదు.

పనిలో అతనికి వంక పెట్టడానికి లేదు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. బళ్లలోకి కంప్యూటర్లు దూరాక ఆ చెవి ఒక్కటే చాలలేదు. అందుకని స్టీరింగు కింద బొటనవేలంత పరికరం ఒకటి గుచ్చడం మొదలుపెట్టాడు. వేడెంత, ఆయిలెంత అన్నీ అది అతని ఫోనుకీ, పాస్‌వర్డ్ కొడితే డ్రైవరు ఫోనుకీ చెబుతుంది. బండిని దొంగ ఎత్తుకుపోతే ఫోను నొక్కి ఇంజను ఆపేయవచ్చు కూడా. ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డ్ పెట్టమని పెట్టె మీద రాసే ఉంది. ముప్పై పాస్‌వర్డ్‌లు ఎవడు గుర్తుపెట్టుకుంటాడు? అన్నిటికీ ఒకటే పెట్టి, డ్రైవర్లు దానికోసం మాటిమాటికీ ఫోన్ చేసి ప్రాణం తీయకుండా గోడకెక్కించాడు.

వాహన భద్రతా కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. బయటివాళ్లు బండి కంప్యూటర్లోకి చొరబడే ప్రమాదం ఉంది, ఇలాంటి పరికరాలను తెచ్చి చూపిస్తే ఉచితంగా సరిచేస్తాం అని దాని సారాంశం. ఆ రెండు ముక్కలు చెప్పడానికి నాలుగు పేజీలు, మనిషన్నవాడికి అర్థం కాని భాషలో రాశారు. మెకానిక్ మొదటి లైను చదివాడు. జన్మలో స్పానరు పట్టని వాళ్లు మనకి బళ్ల గురించి చెబుతున్నారని నవ్వి, ఆ కాగితంతో చేతుల గ్రీజు తుడుచుకున్నాడు.

ఆ ముప్పైలో ఒక వ్యాను అతని అక్క నడిపేది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చడం ఆమె పని. పదకొండేళ్లలో బండికి ఒక్క గీత పడనివ్వలేదు.

ఒక ఉదయం నాలుగు రోడ్ల కూడలి మధ్యలో ఆ వ్యాను ఉన్నట్టుండి ఆగిపోయింది. స్టీరింగు రాయిలా బిగుసుకుంది. వెనక వస్తున్న లారీ వ్యాను పక్కను రాసుకుంటూ పోయింది. లోపలున్న ముసలి టైలరు చేయి విరిగింది. తాళం తిప్పగానే బండి మళ్లీ స్టార్టయింది. అదే ఆమె కొంప ముంచింది. బండికేం రోగం, డ్రైవరే కునుకు తీసి ఉంటుందన్నారు. వాహన భద్రతా కార్యాలయం వాళ్లు లైసెన్సు ఆపేసి విచారణకు రమ్మన్నారు. తప్పు ఆమెదని తేలితే ఇక జన్మలో స్టీరింగు పట్టనివ్వరు.

ఆ సాయంత్రమే మెకానిక్ ఫోను తెరిచి చూశాడు. సరిగ్గా ఆ నిమిషానికి ఇంజను ఆపమని ఆజ్ఞ వెళ్లింది. వెళ్లింది అతని ఫోను నుంచి కాదు, ఇంకెవడి ఫోను నుంచో. గోడ మీద అంకెలు తుడిచేశాడు. సర్వీసింగు అని చెప్పి ముప్పై బళ్లనూ పిలిపించి పరికరాలు పీకేశాడు. నోరు మాత్రం విప్పలేదు. షెడ్డు మూయిస్తారని భయం. జైల్లో పెడతారని భయం.

మూడో రోజు అక్క షెడ్డుకి వచ్చింది. టీ ఇస్తే తాగలేదు. విరిగిన కుర్చీలో కూర్చుని, లేని క్లచ్చునీ లేని బ్రేకునీ కాళ్లతో తొక్కుతూ చూపించింది.

"ఒరే, నేను ఇలాగే తొక్కాను. ఎక్కడ తప్పు చేశానో కాస్త చూసి చెప్పరా. నిజంగానే కునుకు పట్టిందేమో, నాకే తెలియడం లేదు."

మెకానిక్ ఆ కాళ్ల వంక చూడలేకపోయాడు. రేపు విచారణకు నేనూ వస్తానన్నాడు.

విచారణ జరిగిన గదిలో మూడు కుర్చీలు, ఒక కంప్యూటరు, నెత్తి మీద గిలగిలలాడే ఫ్యాను. దేశంలోని బళ్ల కంప్యూటర్లకు కాపలా కాయాల్సిన శాఖ వైభోగం అది. అధికారిణి నడివయసు మనిషి. అక్కను ఒక్క ప్రశ్న అడిగిందో లేదో, మెకానిక్ లేచి పరికరాన్ని బల్ల మీద పెట్టి మొత్తం కక్కేశాడు.

"మా నోటీసు చదవలేదా?" అంది అధికారిణి.

"చేతులు తుడుచుకున్నాను మేడం."

ఆమెకు కోపం రాలేదు. తన ఫైల్లోని నోటీసు తీసి తనే కాసేపు చదువుకుంది. ఇది రాసినందుకు మాకూ శిక్ష పడాలి, మెకానిక్కులకు అర్థమయ్యేలా మళ్లీ రాస్తామంది. తర్వాత గట్టిగానే అడిగింది. "మీ ముప్పై బళ్లలో పీకేశారు, బాగుంది. ఇదే పరికరం ఊళ్లో ఇంకెన్ని షెడ్లలో ఉందో తెలుసా? మీరు నోరు మూసుకున్న మూడు రోజులూ ఆ బళ్లు రోడ్ల మీదే తిరిగాయి."

మెకానిక్ తనకు తెలిసిన షెడ్ల పేర్లన్నీ రాసిచ్చాడు.

"తనంతట తాను వచ్చి చెప్పిన మెకానిక్ మీద కేసు పెట్టకూడదని కొత్త నిబంధన తెచ్చాం," అందామె. "అది మూడో పేజీలో ఉంది, ఎవరూ చదవరు. ఇంత తేలిగ్గా తెరుచుకునే వస్తువు అమ్మిన కంపెనీ వాడిని పిలిపిస్తాను. ఫోను నొక్కి బండి ఆపినవాడినీ వెతుకుతాం." కాగితం మీద డ్రైవరు తప్పు లేదని రాసి సంతకం పెట్టి, లైసెన్సు అక్క చేతికిచ్చింది.

ఇద్దరూ మెట్లు దిగారు. కింద అక్క ఆగి అడిగింది.

"మూడు రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. ఎందుకు చూస్తూ ఊరుకున్నావురా?"

"భయమేసిందక్కా."

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. ముందు ఆ టైలరు తాత దగ్గరికి పోయి ఇదంతా ఆయనకి నీ నోటితో చెప్పు అని, చేయి పట్టుకుని ఆసుపత్రి దారి పట్టించింది.

చదివేవాళ్లారా, బళ్లలోకి కంప్యూటర్లు వచ్చేశాయి, ఇక వెనక్కి పోవు. వాటికి కాపలా కాయడం ప్రభుత్వం పని, దాన్ని నిలదీసి చేయించుకుందాం. కానీ లోపం కళ్లారా చూసినవాడు భయంతో నోరు మూసుకుంటే ఏ చట్టమూ ఏ బండినీ కాపాడలేదు. తప్పు మీదైనా సరే, చెప్పండి. అదే రోజు చెప్పండి.